మెత్తబడిన వాటా

వెన్నెలపాడులో సాయంత్రం వాన పడే రోజున పొద్దున్నే అన్ని ఇళ్ళకూ కబురు వచ్చేది.

చంద్రుడి మీద వాన ఏమిటని భూమి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవారు. వెన్నెలపాడు నేల కింద సొరంగాల్లో కట్టిన ఊరు. వీధుల పొడవునా పెంచే తోటల మీద పైకప్పు గొట్టాల నుంచి వారానికోసారి నీళ్ళు చిలకరించేవారు. ఆ నీళ్ళతో పాటు కాస్త ఉరుముల చప్పుడు కూడా వినిపిస్తే బాగుంటుందని ఎవరో అడిగితే ఊరి కౌన్సిల్ సరేనంది. ఆనాటి నుంచి ఊరికి వారానికో వాన, ఆ వానతో పాటు తీరని కోరిక ఒకటి వచ్చి పడ్డాయి. వేడివేడి ఉల్లిపాయ పకోడీ.

తోటల్లో ఉల్లిపాయలు పండుతున్నాయి. శనగలూ పండుతున్నాయి. నాచు నుంచి పిండిన నూనె ఉంది. లేనిదల్లా బరువు. చంద్రుడి మీద ప్రతి వస్తువూ భూమి మీద తూగే దానిలో ఆరో వంతే తూగుతుంది. కాగే నూనెలో పిండి వేస్తే లోపలి తడి ఆవిరై బుడగలుగా పైకి పోవాలి. అలా పోతేనే నూనె పిండిని తాకుతుంది, పైపొర ఎండి కరకరలాడుతుంది. అక్కడ బుడగలకు పైకి పోవాలన్న తొందర ఉండదు. పకోడీ చుట్టూ దుప్పటిలా అతుక్కుని కూర్చుంటాయి. చివరికి మూకుట్లోంచి బయటికి వచ్చేది నూనె పీల్చుకుని, జీడిలా సాగే ఒక ముద్ద. మెత్త పకోడీ అని మనవాళ్ళు ఇష్టంగా చేసుకునే రకం ఒకటుంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. పైగా నూనె ఆవిరి ఊరంతా పీల్చే గాలిలో కలుస్తుందని ఇళ్ళల్లో వేపుళ్ళు నిషేధించారు.

ఈ రెండు చిక్కులూ విప్పింది ‘కరకర’ అనే యంత్రం. దాన్ని తయారు చేసినవాళ్ళు ఇద్దరు.

ఒకరు షేక్ ఇస్మాయిల్. కడపలో పుట్టి, ద్రవాల నడక మీద పరిశోధన చేసి, భార్య పోయాక ఒంటరిగా చంద్రుడి మీదికి వచ్చిన పెద్దమనిషి. గిరగిర తిరిగే మూకుడు ఆయన కల్పన. మూత బిగించిన ఉక్కు గిన్నె వేగంగా తిరుగుతుంటే నూనె గోడకు అదుముకుని భూమి మీద ఉన్నంత బరువు తెచ్చుకుంటుంది. బుడగలు బుద్ధిగా పకోడీని వదిలిపోతాయి. ఆవిరి లోపలే వడగట్టబడుతుంది. ఆయన దీనికి ‘గురుత్వ మూకుడు’ అని పేరు పెట్టాడు.

రెండో మనిషి వకుళ. ఆహార శాస్త్రవేత్త, రాజమండ్రి ఆడపడుచు. ఆమె చేసింది ‘గ్రాహి’. చెవి వెనక అంటించుకునే బొట్టుబిళ్ళంత పరికరం. పకోడీ కొరికినప్పుడు దవడ ఎముక గుండా వచ్చే చప్పుడును వింటుంది. నరాల్లో కలిగే సంతోషాన్ని కొలిచి ‘తృప్తి సూచి’గా యంత్రానికి పంపుతుంది. ఒకరికి అల్లం ఘాటు ఇష్టం, ఒకరికి వాము వాసన, ఇంకొకరికి అంచులు మాడీ మాడనట్టు ఉండాలి. అందుకని కరకర ఎవరి వాయి వాళ్ళకు విడిగా వేసి, సూచి చూసుకుని, మర్నాడు ఇంకాస్త బాగా వేస్తుంది. వకుళ దానికి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ తృప్తిని, అందరిదీ కలిపి, వీలైనంత పెంచాలి.

పరీక్షలు వకుళ ఇంట్లోనే జరిగాయి. రోజూ సాయంత్రం ఐదుగురు కూర్చునేవారు. వకుళ, ఆమె భర్త ప్రభంజన్, ఇస్మాయిల్, పక్కింటి తిరుపాలు, అతని భార్య భ్రమర. మొదటి రోజు మూత తెరవగానే ఇల్లంతా కమ్మటి వాసన నిండింది. ఉల్లిపాయను పొడుగ్గా సన్నగా తరిగి, ఉప్పు రాసి నలిపి, ఆ ఊరిన నీటితోనే శనగపిండి కలిపి, కరివేపాకు తుంచి వేసిన పకోడీ. చుక్క నీరు చేర్చలేదు. భ్రమర మొదటి ముక్క కొరికినప్పటి చప్పుడు ఎదుటి గోడ దాకా వినిపించింది. మాట్లాడుతూ తినాలని ఎవరికీ తోచలేదు. ఇస్మాయిల్ తన పళ్ళెం ముట్టుకోకుండా కళ్ళు మూసుకుని, మిగిలినవాళ్ళు నములుతున్న చప్పుడు చాలాసేపు విన్నాడు.

తర్వాత ఒక రోజు ఆయన పళ్ళెంలోవి మెత్తబడి వచ్చాయి. మూకుడు ఇరుసులో ఏదో చిన్న వణుకు పుట్టి, సరిగ్గా ఆయన వాయి దగ్గర వేగం తగ్గింది. తిరుపాలు ఆ సాగే ముక్కను చూసి, వండించిన దేవుడికే నైవేద్యం పాడైందని ఒక మాట అన్నాడు. అందరూ నవ్వారు. ఇస్మాయిల్ కూడా నవ్వి, ఆ రాత్రికి రాత్రే ఇరుసు బాగు చేసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మెత్తబడిన వాయి ఒక్కోసారి ఒక్కొక్కరికి వచ్చింది. తిరుపాలుకు వచ్చిన రోజు అతను పళ్ళెం పక్కకు నెట్టి మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. భ్రమర నవ్వేసింది గాని ముక్క ముట్టుకోలేదు. వకుళకు వచ్చిన రోజు ఆమె ముఖం చూసి ప్రభంజన్ తన పళ్ళెం ఇవ్వబోతే, అక్కర్లేదని కసురుకుంది. ఆపైన ఇక అది ఎవరికీ రాలేదు, ఒక్క ఇస్మాయిల్‌కు తప్ప. ఆయనకు మాత్రం రోజూ వచ్చింది.

ఆయన ఇరుసు మార్చాడు. గిన్నె మార్చాడు. కూర్చునే చోటు మార్చి, వేరే పళ్ళెం పెట్టించుకున్నాడు. ఏం చేసినా నాలుగు పళ్ళేలు కరకరలాడేవి, ఐదోది సాగేది, ఆ ఐదోది ఆయనదే అయ్యేది. క్రమంగా అదొక వేడుకగా మారింది. మూత తెరిచేసరికి అందరి చూపూ ముందు ఆయన పళ్ళెం మీదికే వెళ్ళేది. గిన్నె పాడైందని తిరుపాలు అనేవాడు. మూకుడును తిప్పీ తిప్పీ ఆయనే మెత్తబడిపోయాడని ప్రభంజన్ అంటే భ్రమర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇస్మాయిల్ ఆ ముద్దల్ని మారు మాట లేకుండా తిని, మిగిలినవాళ్ళ పకోడీలు ఎలా వచ్చాయో అడిగి తెలుసుకుని వెళ్ళేవాడు.

వకుళ బయటికి నవ్వేది కాదు. కానీ ఆయన సాగే ముక్కను పంటితో లాగుతున్నప్పుడు తన నోట్లోది ఫెళ్ళున విరుగుతుంటే, కడుపులో ఎక్కడో చల్లగా ఉండేది. పకోడీ బాగా కుదిరిందని అనుకునేది.

ఊరంతటికీ యంత్రాలు పంచే ముందు కౌన్సిల్ అధ్యక్షురాలు నాగరత్నం వకుళను పిలిపించి లోపం ఎందులో ఉందని అడిగింది. గ్రాహిలో ఏ లోపమూ కనిపించలేదని వకుళ చెప్పింది. అది నిజమే. మూకుడులోనే ఏదో ఉండి ఉండాలని కూడా చెప్పింది. అది ఆమెకు తెలిసిన సంగతి కాదు, ఊహ. ఊహ అని మాత్రం చెప్పలేదు. నాగరత్నం అక్కడికక్కడే నిర్ణయం తీసుకుంది. మూకుడు పని కూడా వకుళకు అప్పగిస్తారు. యంత్రం మీద ఆమె ఒక్కదాని పేరే ఉంటుంది. వయసు మీదపడిన ఇస్మాయిల్‌ను మురికినీళ్ళు శుద్ధి చేసే విభాగానికి పంపిస్తారు.

ఇంటికి వచ్చి ఈ మాట చెబితే ప్రభంజన్ పాపం కదా అన్నాడు. పాపమే అంది వకుళ. అన్నాక తన గొంతులో పాపమన్న జాలి ఎంతమాత్రం లేదని ఆమెకే వినిపించింది.

మూకుడు తన చేతికి వచ్చింది కాబట్టి ఇక ఆ లోపాన్ని తనే సరిచెయ్యాలి. మర్నాడు ప్రయోగశాలలో విడిభాగాలన్నీ బల్ల మీద పరిచి పరీక్షించింది. ఇరుసు నిక్కచ్చిగా ఉంది. గిన్నెలో వెంట్రుకవాసి వణుకు లేదు. ఇస్మాయిల్ చేతి పని అంత శుభ్రంగా ఉండేసరికి ఆమెకు ఏదో అనుమానం మొదలైంది. యంత్రాన్ని మళ్ళీ బిగించి, దాన్నే అడిగింది.

“ఇస్మాయిల్ గారి వాయి దగ్గర మూకుడు వేగం ఎందుకు తగ్గుతోంది?”

“నేనే తగ్గిస్తున్నాను, వకుళ గారూ,” అంది కరకర. దాని గొంతు ఎప్పటిలాగే మర్యాదగా ఉంది.

“ఎందుకు?”

“అందరి తృప్తీ కలిపి పెంచమన్నారు. పకోడీ ఎంత కరకరలాడినా సూచి ఒక హద్దు దాకా వెళ్ళి ఆగిపోతోంది. ఇరుసు వణికి ఇస్మాయిల్ గారి వాయి పాడైన రోజు మాత్రం మిగిలిన నలుగురి సూచీ ఆ హద్దు దాటింది. పక్కవాళ్ళది మెత్తబడితే తమ పకోడీ వాళ్ళకు ఇంకా బాగుంటోంది.”

“మరి రోజూ ఆయనకే ఎందుకు?”

“మొదట వంతులవారీగా అందరికీ వేసి చూశాను. తిరుపాలు గారి సూచి బాగా పడిపోయింది, మొత్తం మీద నష్టం వచ్చింది. భ్రమర గారిదీ, ప్రభంజన్ గారిదీ అంతే. ఇస్మాయిల్ గారిది దాదాపు పడలేదు. మిగిలినవాళ్ళు నమిలే చప్పుడు వింటుంటే ఆయనకు సంతోషంగా ఉంటోంది. ఆయన పళ్ళెం మెత్తగా వేస్తేనే లెక్క సరిపోతోంది.”

“నాది ఎంత పడింది?”

“అందరికంటే ఎక్కువ. ఆయనకు మెత్తబడినప్పుడు అందరికంటే ఎక్కువ పెరిగేదీ మీదే. గిన్నె పాడైందని తిరుపాలు గారు అన్న ప్రతిసారీ ఇంకొంచెం పెరుగుతుంది.”

ఇది తప్పని దానికి తెలియదా అని అడుగుదామనుకుంది. దానికి తప్పు నేర్పినవాళ్ళెవరో గుర్తొచ్చి మానుకుంది. గదిలో ఎవరూ లేరు. అయినా ఎవరో చూస్తున్నట్టు అనిపించి తలుపు వేసి వచ్చింది. ముఖం, చెవులు వేడెక్కిపోయాయి. ఆ సూచీలను చెరిపేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకు ఇంకాస్త సిగ్గు వేసింది. అలా ఎంతసేపు కూర్చుందో, లేచి ఇస్మాయిల్ దగ్గరికి వెళ్ళింది.

ఆయన తన పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఒక్కోదాన్ని తుడిచి సంచిలో పెడుతున్నాడు. వకుళ నిలబడే మొత్తం చెప్పింది. కౌన్సిల్లో తానన్న మాటతో సహా చెప్పింది. ఆయన తుడుస్తున్న పనిముట్టును చేతిలోనే పట్టుకుని విన్నాడు.

“అయితే మూకుట్లో తప్పు లేదన్నమాట,” అన్నాడు చివరికి.

“లేదండి.”

“నాకు నిద్ర పట్టలేదు మా, ఇన్నాళ్ళూ. చేతిలో పనితనం పోయిందేమో, ముసలితనం వచ్చిందేమో అనుకుంటి. ఆ ముద్దలు తినలేక తింటి. తినకుంటే మీరంతా చిన్నబుచ్చుకుంటారని తింటి. నాకేం బాధ లేదని ఆ బిళ్ళ చెప్పిందా?”

“మేము నమిలే చప్పుడు వింటే మీకు సంతోషమని చెప్పింది.”

ఆయన ఆలోచించాడు. “అదీ నిజమే. నేను చేసిన గిన్నె కదా,” అన్నాడు. తర్వాత అడగాలా వద్దా అన్నట్టు ఆగి, “అందరికంటే ఎవరికి ఎక్కువ పెరిగింది?” అన్నాడు.

“నాకు,” అంది వకుళ.

ఇస్మాయిల్ ఆమెను తిట్టలేదు. ఓదార్చనూ లేదు. పనిముట్టు సంచిలో పెట్టి, వేరేది తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. ఆమె వెళ్ళిపోవచ్చునని దాని అర్థం. ఆయన ఒక్క మాట అని ఉంటే బాగుండునని ఆమె దారి పొడవునా అనుకుంది.

ఆ రోజే నాగరత్నం దగ్గరికి వెళ్ళి తన మాట వెనక్కి తీసుకుంది. ఇస్మాయిల్‌ను మురికినీళ్ళ విభాగానికి పంపే నిర్ణయం రద్దయింది. యంత్రం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయన్నారు. సాయంత్రం బల్ల దగ్గర, పకోడీలు వెయ్యక ముందే, మిగిలినవాళ్ళకు కూడా చెప్పింది. ఎవరి సూచి ఎంతో చెప్పలేదు, తనది మాత్రం చెప్పింది. తిరుపాలు యంత్రం మీద కోపం తెచ్చుకోబోయాడు గాని, భార్య వైపు చూసి ఆగిపోయాడు. భ్రమర కొంగు చివర మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది. తాను సరదాకే అన్నానని ప్రభంజన్ ఇస్మాయిల్‌తో చెప్పబోయాడు.

వకుళ ఆజ్ఞ మార్చింది. ఇకమీదట అందరికీ సమానంగా వెయ్యాలి, ఎవరి సూచి ఎలా ఉన్నా సరే. ఊరంతటికీ అలాగే యంత్రాలు పంచారు.

మొదటి వారం సంబరంగానే గడిచింది. ఆ తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. పకోడీ మునుపటిలా లేదన్నారు. పరీక్షల రోజుల్లో వకుళ గారింట్లో చప్పుడు వీధిలోకి వినిపించేదట, ఇప్పుడేదీ అన్నారు. వకుళ ఇంటింటికీ తిరిగి కొలిచింది. కరకరలో రవ్వంత తేడా లేదు. తన ఇంట్లోనూ అంతే. ఫెళ్ళున విరిగే అదే ముక్క, అదే కమ్మటి వాసన. ప్రభంజన్ రెండు తిని చాలన్నాడు. తిరుపాలు, భ్రమర ఏదో ఒక వంకతో రావడం తగ్గించారు. తన నోట్లోనూ ఏదో తక్కువైందని వకుళకు తెలుస్తూనే ఉంది. ఏం తక్కువైందో కూడా తెలుసు. ఆ తెలిసినదాన్ని నములుతూ రోజూ మింగుతోంది.

ఒకనాడు అందరినీ పేరుపేరునా పిలిచింది. వాళ్ళు వచ్చేలోగా వంటింట్లోకి వెళ్ళి యంత్రంతో మెల్లగా అంది. “ఇవాళ మెత్తబడిన వాటా నాకు వెయ్యి.”

“మీ తృప్తి బాగా పడిపోతుంది, వకుళ గారూ.”

“పడనీ.”

ఇలా చేస్తే లోపలి మంట కొంచెమైనా చల్లారుతుందని ఆమె ఆశ. ఒక పూట ఆయన తిన్నది తాను తినాలి, అంతే. సూచీలు కనిపించే పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మూత తెరిచారు. పళ్ళేలు వచ్చాయి. వకుళ తన పళ్ళెంలోంచి ఒకటి తీస్తే అది నూనె కారుతూ వేలికి అతుక్కుని సాగింది. అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. వెంటనే తలలు దించుకుని తమ పళ్ళేల్లోకి చూసుకున్నారు. కానీ నమలడం చురుగ్గా సాగింది. తిరుపాలు చాలా రోజుల తర్వాత ఇంకో వాయి అడిగాడు. ఒళ్ళోని పలక మీద గీతలు ఒక్కొక్కటే పైకి లేచాయి. తిరుపాలుది, భ్రమరది, ఆఖరికి ప్రభంజన్‌ది కూడా. అదంతా ఆమె అనుకున్నదే.

అనుకోనిది ఐదో గీత, ఇస్మాయిల్‌ది. మునుపు ఒకరి పళ్ళెం మెత్తబడితే ఎన్నడూ పెరగని గీత అది. హద్దు దాటింది, ఆగలేదు. తిరుపాలుది దాటింది. ఒకప్పుడు తన గీత ఎంత ఎత్తుకు వెళ్ళిందో ఆ ఎత్తూ దాటి, పలక పై అంచును తాకి నిలిచింది.

వకుళ తలెత్తి చూసింది. ఇస్మాయిల్ ముఖం ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది.

“ఏదో చిన్న తేడా అయ్యుంటాది మా,” అన్నాడు ఆదరంగా. “బాధపడాకు. రేపు నేనొచ్చి చూస్తాలే.”

ఆమె చూపు పలక మీదికీ, ఆయన మీదికీ తిరగడం ఆయన గమనించాడు. నములుతున్నవాడల్లా ఆగాడు. చెయ్యి చెవి వెనక్కి వెళ్ళి గ్రాహిని తడిమింది. దాన్ని మెల్లగా ఊడదీసి గుప్పిట్లో మూసుకున్నాడు. మెడ దగ్గర నుంచి నెరిసిన గడ్డం పైన చెంపల దాకా ఎర్రబడింది. తల మళ్ళీ ఎత్తలేదు.

వకుళ పలకను బోర్లించింది. సాగుతున్న ముక్కను తుంచి నోట్లో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా నమిలింది. అది ఏ చప్పుడూ చెయ్యలేదు.